తాడు పట్టుకునేది ఎవరు?

సుస్థిర శక్తి, విపత్తులను తట్టుకునే నిర్మాణాలు. ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు ఈ రెండు మాటలు లేకుండా పరిశోధన మాట సాగడం లేదు. బొగ్గు కాల్చకుండా కరెంటు ఎలా తీయాలి? పగలు తీసిన కరెంటును రాత్రికి ఎలా దాచాలి? వరద వచ్చినా గాలివాన వచ్చినా వంతెన, కరెంటు స్తంభం, ఆసుపత్రి, నీళ్ళ ట్యాంకు ఎలా నిలబడాలి? పరిశోధనా కేంద్రాలు పట్టుకున్న ప్రశ్నలు ఇవి. మంచి ప్రశ్నలే. ఎండలు ముదిరి, వానలు లెక్క తప్పిన కాలంలో వీటిని పట్టించుకోని విశ్వవిద్యాలయం తన పని తాను చేయనట్టే. అయితే గూడెంలోనో తండాలోనో పుట్టి చదువుకుంటున్న మనం వీటి వెనక ఇంకో ప్రశ్న అడగాలి. దానికి జవాబు ఏ ప్రయోగశాలలోనూ దొరకదు. ఈ జ్ఞానం ఎవరికి బాకీ పడి ఉంది?

ఈ ప్రశ్న అడగడానికి నంద్యాల జిల్లా తగిన చోటు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఈ జిల్లా ఉత్తరపు అంచున కృష్ణమ్మ మీద శ్రీశైలం ప్రాజెక్టు ఉంది. కుడిగట్టున 770 మెగావాట్లు, అవతల తెలంగాణ వైపు ఎడమగట్టున భూగర్భంలో 900 మెగావాట్ల విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. పడమటి వైపు గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు 6 వేల ఎకరాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నాటికి తయారైంది. పిన్నాపురం దగ్గర 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ పథకం వచ్చింది. పగటి ఎండతో వచ్చిన కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎక్కిస్తారు. దీపాలు పెట్టే వేళకు ఆ నీటినే కిందికి వదిలి మళ్ళీ కరెంటు తీస్తారు. 2022 మే 17న ముఖ్యమంత్రి ఆ పనులు ప్రారంభించిన చోటు పేరు గుమ్మితం తండా. అంటే నీరు, ఎండ, గాలి మూడూ ఇక్కడివే. దేశమంతా మాట్లాడుకునే పచ్చ కరెంటుకు పుట్టిల్లు మన పక్కనే ఉంది.

అదే జిల్లాలో నల్లమల లోపలికి నడిస్తే బైర్లూటి, నాగలూటి, పెచ్చెరువు లాంటి చెంచు గూడేలు ఉన్నాయి. అడవి లోపలి గూడెంలో కరెంటు మాట వస్తే ఎవరూ మెగావాట్లు లెక్కపెట్టరు. ఒక బల్బు, ఒక ఫ్యాను, సెల్‌ఫోను ఛార్జింగు, తాగునీటి మోటారు, బడిలో ఒక దీపం. అంతే లెక్క. 2023 నవంబర్ 15న కేంద్రం మొదలుపెట్టిన పీఎం జన్‌మన్ పథకం చెంచుల వంటి ఆదిమ తెగల కోసమే. తీగలు వేయడం కుదరని ఇళ్ళకు విడిగా సోలార్ పలకలు, బ్యాటరీలు ఇవ్వాలని అందులో ఉంది. వెయ్యి మెగావాట్ల పార్కు ఉన్న సీమలోనే ఒక ఇంటికి ఒక పలక కోసం ప్రత్యేక పథకం కావలసి వచ్చింది. దీపం కింద చీకటి అన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. సోలార్ పార్కు చెడ్డది కాదు, ఆనకట్ట చెడ్డది కాదు, పరిశోధన అసలే చెడ్డది కాదు. పరిశోధన మొదలయ్యేటప్పుడు మొదటి ప్రశ్న ఎవరు అడిగారు అన్నదే మన విచారం. ఎందుకంటే ప్రశ్న ఎవరిదైతే జవాబు వాళ్ళ ఇంటికే ముందు చేరుతుంది.

నంద్యాలలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఇక్కడి వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నాటిది. పత్తి, జొన్న, శనగ విత్తనాల్లో దాని పేరు రైతులందరికీ తెలుసు. అక్కడ తయారైన శనగ రకాల్లో ఎన్‌బీఈజీ 47 ఒకటి. మామూలు శనగ మొక్క నేలకు దగ్గరగా గుబురుగా పెరుగుతుంది, చేత్తో పీకాలి. ఈ రకం నిటారుగా ఎదుగుతుంది, కాయలు పైకి కాస్తాయి, కోత యంత్రం నడిపించవచ్చు. కోత వేళకు కూలీలు దొరకడం లేదు, దొరికినా ఖర్చు తట్టుకోలేకపోతున్నాం అని రైతు అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. చక్కటి జవాబు. కానీ శనగ కోత కూలితో ఆ నెల ఇల్లు గడుపుకునే ఆడమనిషి కూడా ఉంది. ఆమె తండా నుంచి తెల్లవారకముందే ఆటో ఎక్కి వస్తుంది. యంత్రం వచ్చాక నా కూలి దినాలకు బదులు ఏమిటి అన్నది ఆమె ప్రశ్న. దానికి ఆ విత్తనంలో జవాబు లేదు. అందుకు శాస్త్రవేత్తను తప్పు పట్టలేం. ఆయన ముందుకు వచ్చిన ప్రశ్నకు ఆయన నిజాయితీగా జవాబు వెతికాడు. రెండో ప్రశ్న ఆయన గది దాకా చేరలేదు. చేరే దారి ఎవరూ వేయలేదు.

పరిశోధనలో పక్షపాతం చాలాసార్లు ఇలాగే ఉంటుంది. ఎవరూ ఎవరికీ ద్రోహం తలపెట్టరు. గది తలుపు దగ్గర ఎవరు నిలబడగలరో వాళ్ళ మాట లోపల వినిపిస్తుంది. పరిశ్రమకు మాట ఉంది, ప్రభుత్వ శాఖకు మాట ఉంది, పెద్ద రైతుకు కొంత ఉంది. అమెరికాలో జాతీయ సైన్స్ ఫౌండేషన్ 1985లో ఇంజనీరింగ్ పరిశోధనా కేంద్రాలు మొదలుపెట్టినప్పుడు విశ్వవిద్యాలయాన్ని పరిశ్రమతో కలపడమే వాటి ముఖ్య ఉద్దేశం. 2008లో నార్త్ కరోలినాలో అలాంటి ఒక కేంద్రం ఇళ్ళ మీది సోలార్, బ్యాటరీలు ఒకదానితో ఒకటి కరెంటు ఇచ్చిపుచ్చుకునే వ్యవస్థ మీద పని మొదలుపెట్టింది. ఆ ఆలోచన గూడేలకు కూడా పనికివస్తుంది. కానీ పనికిరావడం వేరు, గూడెం కోసం ఆలోచించడం వేరు. మొదటిది మిగిలిన అన్నం, రెండోది వండేటప్పుడే లెక్కలో ఉన్న పళ్ళెం.

ఇక "తట్టుకునే నిర్మాణం" అన్న మాట చూద్దాం. 2009 అక్టోబరు మొదట్లో కృష్ణా తుంగభద్రలు పొంగి శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కట్టేటప్పుడు వేసుకున్న అంచనాలను అది దాటిపోయింది. అయినా ఆనకట్ట నిలబడింది. అది ఇంజనీర్లు గర్వించదగ్గ విషయమే. అదే వరదలో ఎగువన కర్నూలు నగరం మునిగింది. ఆనకట్టను చూసినవాళ్ళు తట్టుకున్నాం అంటారు. మిద్దె మీద రాత్రంతా కూర్చున్నవాళ్ళు ఏమంటారు? 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిదిమంది చనిపోయారు. గోడలు నిలిచాయి, లోపల పనిచేసే మనుషులు బయటికి రాలేకపోయారు. కాబట్టి తట్టుకోవడం అన్న మాటను ఒంటరిగా వదలకూడదు. ఏది తట్టుకుంది, ఎవరి కోసం తట్టుకుంది అని రెండు ప్రశ్నలు జోడించి పలకాలి.

శ్రీశైలం చరిత్రలో ఇంకో పాఠం ఉంది. 1963 జూలై 24న నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. జలాశయం నిండే వేళకు, 1981లో, సుమారు వంద ఊళ్ళను ఖాళీ చేయించారు. ఆ ఊళ్ళు ఇచ్చిన నేల మీదే ఈ రోజుకూ నీరు నిలుస్తోంది, కరెంటు పుడుతోంది. దేశానికి ఇచ్చినవాళ్ళ పేరు దీపం వెలిగించుకున్నవాళ్ళకు గుర్తుందా? ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. ఒక తరం ఇచ్చిన త్యాగాన్ని ఇంకో తరం కరెంటు బిల్లులో కట్టేశాం అనుకుంటే అది లెక్క అవుతుంది, నీతి కాదు.

దీనికి ఎదురుగా ఒక గట్టి వాదన ఉంది. దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. గూడెంలో ముప్పై ఇళ్ళు ఉంటాయి. వెయ్యి మెగావాట్లతో లక్షల ఇళ్ళు వెలుగుతాయి. ప్రజల సొమ్ముతో నడిచే పరిశోధన ఎక్కువమందికి మేలు చేసే ప్రశ్న పట్టుకోవాలా, కొద్దిమంది ప్రశ్న పట్టుకోవాలా? ఈ వాదనలో నిజం ఉంది. ఆసుపత్రిలో ఒక్క రాత్రి కరెంటు పోకుండా చూడడం చిన్న మేలు కాదు. ఆ ఆసుపత్రికి మన గూడెం తల్లి కూడా కాన్పుకు వెళ్తుంది.

కానీ ఆ వాదన ఒక వైపే తూకం వేస్తుంది. మేలు ఎంతమందికి అని లెక్కపెడుతుంది. బరువు ఎవరి భుజం మీద పడింది అని అడగదు. మేలు ఒకరికి, బరువు ఇంకొకరికి పడే చోట తల లెక్క సరిపోదు. పదిమంది తిన్న విందుకు మేక ఒక్కరి కొట్టం నుంచి పోతే, పదిమంది కడుపు నిండింది కదా అని ఆ ఒక్కరికి చెప్పడం న్యాయం కాదు. న్యాయం అంటే విందు ఆపమని కాదు. మేక ఎవరిదో గుర్తుంచుకుని, ముందు అతన్ని అడిగి, తర్వాత అతని బాకీ తీర్చమని.

ఇంకో సంగతి. గూడెం ప్రశ్న చిన్నదని ఎవరన్నారు? అడవి మధ్య, తీగ చేరని చోట, వానకు దారి తెగిపోయే చోట, రిపేరు చేసేవాడు రెండు రోజులకు గానీ రాని చోట కరెంటు, నీరు ఆగకుండా ఎలా నడపాలి అన్నది ఇంజనీరింగ్‌లో కష్టమైన ప్రశ్న. తుపాను తర్వాత పట్నం కూడా కొన్నాళ్ళు గూడెమే అవుతుంది. తీగ తెగుతుంది, దారి తెగుతుంది, మెకానిక్కు రాడు. గూడెం కోసం వెతికిన జవాబు ఆ రోజు పట్నానికి అక్కరకు వస్తుంది.

ఇక్కడే మన పెద్దల తెలివి ఒకటి చెప్పుకోవాలి. చెంచులు కొండచరియకు వేలాడి తేనె తీస్తారు. కింద లోయ, చుట్టూ తేనెటీగలు, ఆధారం ఒక్క తాడు. పైన ఆ తాడు పట్టుకోవాల్సింది బావమరిది అని పెద్దలు చెబుతారు. ఎందుకంటే తాడు జారితే తెగేది తన అక్కచెల్లెలి తాళి. తాడు ఎంత బరువు మోస్తుంది అన్నది ఒక లెక్క, అది ఇంజనీరుకు తెలుసు. తాడు జారితే నష్టపోయే మనిషి చేతిలోనే తాడు ఉండాలి అన్నది ఇంకో లెక్క. అది నీతి లెక్క, భద్రత లెక్క కూడా. ఈ రెండో లెక్క లేని నిర్మాణం ఎంత సిమెంటు పోసినా పూర్తిగా గట్టిది కాదు.

ఈ కొలతతో ఒక సోలార్ దీపాన్ని చూడండి. పలక ఇరవై ఏళ్ళకు పైగా పనిచేస్తుంది. బ్యాటరీ అంతకాలం రాదు, కొన్నేళ్ళకే మార్చాలి. మార్చే డబ్బు ఎవరిది? పాడైతే విప్పి చూడగలిగే మనిషి గూడెంలో ఉన్నాడా? విడిభాగం ఆత్మకూరులోనో నంద్యాలలోనో దొరుకుతుందా? పెట్టినవాళ్ళు ఫొటో తీసుకుని వెళ్ళిపోతే, అది ఆరిపోయిన రాత్రి వాళ్ళకు ఏ నష్టమూ లేదు. తాడు వాళ్ళ చేతిలో ఉంది, వేలాడేది మనం. అదే గూడెం పిల్లో పిల్లవాడో దాన్ని విప్పి బిగించడం నేర్చుకుని ఉంటే, బ్యాటరీ కోసం నెలకింత అని గూడెమే దాచుకుని ఉంటే, తాడు బావమరిది చేతికి వచ్చినట్టు. కాబట్టి తట్టుకోవడానికి మన నిర్వచనం ఇది: విరిగినదాన్ని దగ్గరున్నవాళ్ళే మళ్ళీ నిలబెట్టుకోగలగాలి.

ఇలా ఆలోచించిన విశ్వవిద్యాలయం మన దేశంలో లేకపోలేదు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో అమూల్య రెడ్డి చొరవతో 'అస్త్ర' అనే కేంద్రం మొదలైంది. శాస్త్రాన్ని గ్రామీణ ప్రాంతాలకు చేర్చడం దాని పని. కర్ణాటకలోని పురా అనే చిన్న ఊళ్ళో వాళ్ళు ఊరందరి బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. మొదట అనుకున్నది వంట గ్యాసు. ఊళ్ళో దొరికే పేడ అందరి వంటకు చాలలేదు. అక్కడ పథకం ఆగిపోయి ఉంటే అది కూడా తుప్పు పట్టిన ఇనుమై మిగిలేది. వాళ్ళు ఊరి అవసరాన్ని మళ్ళీ చూశారు. ఊరికి ముందు కావలసింది తాగునీరు. 1987 నుంచి అదే గ్యాసుతో ఇంజను నడిపి, బోరు నీళ్ళు కుళాయికి తెచ్చారు, ఇళ్ళకు దీపాలు ఇచ్చారు. పేడ తెచ్చిన ఇంటికి గ్యాసు తీసిన తర్వాతి స్లర్రీని ఎరువుగా తిరిగి ఇచ్చారు, తెచ్చినందుకు కొంత డబ్బూ ఇచ్చారు. తీసుకున్నది తిరిగి చేర్చారు. ఆ ఏర్పాటు చిరకాలం నిలవలేదు. అది కూడా పాఠమే. యంత్రం నడవడానికి ఇంజను ఒక్కటే చాలదు, రుసుము వసూలు చేసే మాట కట్టుబాటు, దాన్ని తనదిగా చూసే ఊరు ఏళ్ళ తరబడి కావాలి. ఆ అనుభవాన్ని దాచకుండా, తర్వాతి వాళ్ళు నేర్చుకునేలా రాసిపెట్టారు. పరిశోధనకు ఉండాల్సిన నిజాయితీ అది.

మన చుట్టూ చదువుల కొరత లేదు. నంద్యాలలో 1995 నుంచి రాజీవ్ గాంధీ మెమోరియల్ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. కర్నూలులో 2015లో ట్రిపుల్ ఐటీడీఎం వచ్చింది. అనంతపురంలో జేఎన్‌టీయూ ఉంది. వీటిలో చదివే ప్రతి విద్యార్థీ చివరి ఏడాది ఒక ప్రాజెక్టు చేయాలి. ఆ ప్రాజెక్టు ఇంటర్నెట్‌లో దొరికిన అంశమే ఎందుకు కావాలి? ఆత్మకూరు అడవి అంచున ఒక గూడెం నీటి మోటారు ఎందుకు కాకూడదు? గురువులు ఒక్క సెమిస్టరులో ఒక్కసారి పిల్లలను నల్లమల దారి పట్టిస్తే చాలు, ప్రశ్నలే ఎదురొస్తాయి.

వెళ్ళడం ఎలాగో నేర్పడానికి ఆళ్ళగడ్డ సీమలో ఒక ఆనవాయితీ ఉంది. చెంచులక్ష్మిని చేసుకున్న అహోబిలం నరసింహస్వామి ఏటా కనుమ నాడు పారువేటకు బయల్దేరతాడు. చెంచులు పల్లకీ వైపు బాణాలు వేసి ఉత్సవం మొదలుపెడతారు. తర్వాత స్వామి ఊరూరా తిరిగి తన పెళ్ళికి రమ్మని పిలుస్తాడు. నమ్మకం ఉన్నవాళ్ళకు అది భక్తి. లేనివాళ్ళకు కూడా అందులో ఒక మర్యాద కనిపిస్తుంది. ఎంత పెద్దవాడైనా పిలిచేవాడే గడప దాకా రావాలి. పరిశోధనా కేంద్రం తన గేటు దగ్గర కూర్చుని, "మా దగ్గరకు ఎవరూ రాలేదు, మాకెవరూ చెప్పలేదు" అనడం ఈ మర్యాద తెలియకపోవడమే.

మనవైపు కూడా చేయాల్సిన పని ఉంది. ఉపాధ్యాయ మిత్రులు గమనించాలి. 2006 అటవీ హక్కుల చట్టంలో మూడో సెక్షన్ రెండో ఉపసెక్షన్ చాలామంది చదవరు. అడవిలోని ఊరికి బడి, అంగన్‌వాడీ, తాగునీటి పైపులు, కరెంటు తీగలు, సంప్రదాయేతర ఇంధన వనరులు వంటి వాటి కోసం ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చని అందులో ఉంది. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు ఉండాలి. అంటే మొదటి మాట గ్రామసభదే అని చట్టమే చెబుతోంది. గ్రామసభలో ఆ మాట పలకాలంటే మనకు ఎంత కరెంటు కావాలో, ఏ వేళ కావాలో, ఎన్ని నీళ్ళు కావాలో తెలియాలి. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఈ లెక్క వేయగలరు. ఎన్ని బల్బులు, ఒక్కోటి ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు. గుణించడమే కదా. ఆ లెక్క పలక మీద రాసి, గోడకు కొట్టి, గ్రామసభలో చదివిస్తే అదే గూడెం మొదటి ఇంజనీరింగ్ పత్రం.

యువతకు ఒక హెచ్చరిక. మనలో నలుగురు ఇంజనీర్లయి, ఇద్దరు ఆ పరిశోధనా కేంద్రాల్లో చేరితే ప్రశ్న దానంతట అదే మారిపోదు. లోపలికి వెళ్ళినవాడు లోపలి ప్రశ్నలకే అలవాటు పడతాడు. జీతం, పేరు, పత్రాల సంఖ్య మనిషిని మెల్లగా తిప్పేస్తాయి. అందులో తప్పంతా ఆ మనిషిది కూడా కాదు, గాలి అటు వీస్తుంది. అందుకే లోపలికి వెళ్ళిన ప్రతి ఒక్కరి వెనకా బయట ఒక గూడెం నిలబడి ఉండాలి. ఏం చేస్తున్నావు, ఎవరి కోసం చేస్తున్నావు అని పండక్కి ఇంటికొచ్చినప్పుడు అడిగే అమ్మలు, మామలు ఉండాలి. అలా అడగడం చదువుకున్నవాడిని కించపరచడం కాదు. తాడు పైన అతను ఉన్నాడని గుర్తుచేయడం.

మనకు తెలిసినదంతా గొప్పదనీ వాళ్ళ చదువు పనికిరానిదనీ అనుకోవడం కూడా మేలు చేయదు. తేనె తాడు అల్లడం తెలిసినవాడికి ట్రాన్స్‌ఫార్మరు తెలియదు. అది నేర్చుకోవాలి. వైద్యుడికి వైద్యం తెలుసు, నొప్పి ఎక్కడుందో రోగికే తెలుసు. ఇద్దరూ మాట్లాడుకోకపోతే మందు ఎంత మంచిదైనా తప్పు చోట పడుతుంది. ఎండ అందరిది, పలక కొందరిది. నీరు కొండది, కరెంటు కంపెనీది. ఈ తేడాను పూడ్చే వంతెన కట్టడమే సుస్థిర శక్తి కేంద్రం చేయదగ్గ అసలైన నిర్మాణం.

కాబట్టి వచ్చే గ్రామసభకు ముందే, బడి గంట కొట్టాక ఓ అరగంట, పిల్లలతో కూర్చుని మన గూడెం ప్రశ్నలు మూడు రాయండి. కరెంటు గురించి ఒకటి, నీళ్ళ గురించి ఒకటి, వానాకాలం దారి గురించి ఒకటి. గ్రామసభ తీర్మానంతో వాటిని దగ్గరలోని ఇంజనీరింగ్ కళాశాలకు పంపండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. అయినా మొదటి ప్రశ్న మనది అయింది. జవాబు బాకీ ఇక వాళ్ళది.